ఆస్పత్రి సిబ్బందికీ టీబీ పరీక్ష, మందులు, పోషణ సాయం

ఆశాలు, ఏఎన్‌ఎంలు, నర్సులు, వార్డు సిబ్బంది గమనించండి. రోజూ రోగుల మధ్యే ఉంటారు కాబట్టి మీకు టీబీ సోకే ముప్పు ఎక్కువ.

పరీక్ష ఎప్పుడు?
రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, మందులు ఉచితం.

డబ్బు సాయం ఎంత?
పేరు నిక్షయ్‌లో నమోదైతే, చికిత్స సాగినన్నాళ్లూ పోషణకు నెలకు రూ.1,000 లెక్కన మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2024 నవంబరుకు ముందు ఇది రూ.500. ప్రైవేటులో చూపించుకున్నా వర్తిస్తుంది. అక్కడి డాక్టరు నమోదు చేశారో లేదో అడగండి. ఆధార్, పాస్‌బుక్ వెంట తీసుకెళ్లండి.

మధ్యలో ఆపొద్దు
మామూలు టీబీకి 6 నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గింది కదా అని ఆపేస్తే జబ్బు మందులకు లొంగకుండా పోవచ్చు. ఇంట్లో పిల్లలకూ, వార్డులో రోగులకూ అంటుకోవచ్చు.

డ్యూటీ పోతుందనో, నలుగురూ ఏమనుకుంటారోననో దాచకండి. రోగులకు మీరు చెప్పే మాటే మీకూ వర్తిస్తుంది. సందేహాలుంటే ఉచిత ఫోన్: 1800-11-6666.