మతిమరుపు జబ్బుపై పరిశోధన: యువ శాస్త్రజ్ఞులకు చేయూత ఎందుకు?



కొన్నేళ్ల క్రితం మిర్చి కోతల రోజుల్లో, డెబ్బయి ఏళ్లు దాటిన ఒక అమ్మను కోడలు మన ఆసుపత్రికి తీసుకువచ్చింది. "కల్లం నుంచి ఇంటికొస్తూ దారి తప్పింది సిస్టరుగారూ. నలభై ఏళ్లుగా నడిచే దారే అది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా దగ్గరున్న పరీక్ష కాగితం తెచ్చాము. ఈ రోజు తారీఖు చెప్పండి, ఒక వాక్యం రాయండి, బొమ్మ చూసి గీయండి అని అందులో ఉంది. ఆ అమ్మ బడికి వెళ్లలేదు. పెన్సిలు పట్టుకోవడం అదే మొదటిసారి. మార్కులు తక్కువ వచ్చాయి. జబ్బు వల్ల వచ్చాయా, చదువు లేనందువల్ల వచ్చాయా అన్నది ఆ కాగితం చెప్పలేకపోయింది.

డిమెన్షియా ముసలితనపు చాదస్తం కాదు, మెదడును క్రమంగా దెబ్బతీసే జబ్బు. 2023లో ప్రచురించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. పట్నాలకంటే పల్లెల్లో, మగవారికంటే ఆడవారిలో ఎక్కువ.

మన ప్రశ్నలు మనవాళ్లే అడగాలి

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదవను రాయను రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిసి వినిపించే ఊళ్లో పనిచేసేవారికే ఇలాంటి ప్రశ్న తోస్తుంది.

యువ పరిశోధకుల కష్టం

చదువు ముగించిన యువ శాస్త్రజ్ఞులు చాలామంది పెద్దవారి ప్రాజెక్టుల్లో, ఏడాదికో రెండేళ్లకో ఇచ్చే జీతం మీద పనిచేస్తారు. సొంత ప్రశ్న అడిగే వీలు తక్కువ. ఏడాది కౌలుకు తీసుకున్న పొలంలో ఎవరూ మామిడి తోట వేయరు కదా! డిమెన్షియా ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బు. దానిని గమనించేవారికీ ఏళ్ల తరబడి నిలకడ కావాలి.

ఇందుకోసమే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో ఇండియా అలయన్స్ అనే పథకానికి రూపమిచ్చాయి. దీని కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. డిమెన్షియాతో సహా ఆరోగ్య పరిశోధనలన్నిటికీ ఇది ఫెలోషిప్‌లు ఇస్తుంది. పరిశోధన జీవితం మొదలుపెట్టినవారికి ఒక మెట్టు, సొంత బృందం ఏర్పరచుకునేవారికి మరో మెట్టు. ఐదేళ్లపాటు జీతమూ, పరిశోధన ఖర్చూ అందుతాయి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మూడో దశకు ఆమోదం తెలిపింది. మొత్తం 1,500 కోట్లు. అందులో 1,000 కోట్లు ప్రభుత్వానివి, 500 కోట్లు వెల్‌కమ్‌వి.

మనం చేయదగినవి

1. పెద్దవారు తెలిసిన దారి తప్పినా, పొయ్యి మీద కూర మరచినా, అడిగిందే అడుగుతున్నా "వయసు" అని వదిలేయకండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది.

2. డాక్టరు దగ్గరకు రోజూ వారిని చూసుకునే మనిషే తోడు రండి. పరీక్ష కాగితానికి అందని సంగతి మీ నోట తెలుస్తుంది.

3. పరిశోధకులు మీ ఊరు వస్తే వివరాలు అడిగి తెలుసుకోండి. ఇష్టమైతేనే చేరండి. వద్దన్నా మీ వైద్యం ఆగదు.

4. సైన్సు చదివే మీ పిల్లలకు ఈ ఫెలోషిప్‌ల సంగతి చెప్పండి.

ఆ అమ్మకు జబ్బు ఉందని తేలేసరికి చాలా నెలలు పట్టింది. ఈసారి వచ్చే అమ్మకు, చదువు రాకపోయినా జవాబు చెప్పగలిగే పరీక్ష మా చేతిలో ఉండాలి. అది తయారుచేసే పిల్ల ఈ మిర్చి పొలాల మధ్య నుంచే రావచ్చు.

– నర్సింగ్ సూపరింటెండెంట్