పన్నెండు రాజ్యాలు - ఒక మడిచెక్క

సావనీరుకి ఏదైనా రాసివ్వమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు "ఏం రాయను?" అన్నాను. "నీకు బాగా తెలిసింది రాయి" అన్నాడు. నాకు బాగా తెలిసినవి రెండే రెండు. ఒకటి మా పొలం. రెండోది, చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది, మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ల మీద ఆడే యుద్ధం. రసాయనశాస్త్రం విద్యార్థిని అయివుండి మూడో విషయంగా కెమిస్ట్రీ అనలేకపోయినందుకు మా లెక్చరర్లు నన్ను క్షమించాలి. ఆ లోటు ఈ వ్యాసం చివర్లో కొంత తీరుస్తాను.

ఆ ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. 1997లో, అంటే నేను పుట్టడానికి చాలా ముందే, ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వారు తయారుచేయగా మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. మరుసటి ఏడు రోము, కార్తేజి, మాసిడోనియా, పాల్మైరా అనే నాలుగు రాజ్యాలు చేరాయి. 2018లో కొత్త బొమ్మలతో మళ్ళీ విడుదలైంది. మా దగ్గరున్నది పాతదే. పాత లాప్‌టాప్ మీద కూడా నడవడమే దాని గొప్పతనం. ఇందులో నేను చెప్పే అంకెలన్నీ ఆ మొదటి ఆటవే. తర్వాతి కూర్పుల్లో కొన్ని మారాయి.

ఆటలో రాజ్యాలు పన్నెండు: అసీరియా, బాబిలోను, చోసన్, ఈజిప్టు, గ్రీసు, హిట్టైట్, మినోవా, పర్షియా, ఫినీషియా, షాంగ్, సుమేరు, యమాటో. మన మౌర్యులూ శాతవాహనులూ అందులో లేరు. క్రీస్తుకు రెండు మూడు వేల ఏళ్ళ ముందటి సుమేరునీ, క్రీస్తు తర్వాతి యమాటోనీ ఒకే మైదానంలో నిలబెట్టారు కనక దీన్ని చరిత్ర పాఠం అనుకోకూడదు.

మా తగాదా ఏమిటంటే, ఈ పన్నెండింట్లో ఏది గొప్ప? ఓడినవాడు టీ, మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. మొదటి ఏడాది నేను పెట్టించిన బజ్జీల లెక్క మా నాన్నకి తెలియకపోవడమే మంచిది.

ముందు ఆట సంగతి

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సరుకులు నాలుగు: తిండి, కలప, రాయి, బంగారం. వాటిని కూలివాళ్ళు పోగుచేస్తారు. ఒక్కో కూలివాడు తయారుకావడానికి 50 తిండి ఖర్చు. యుగాలూ నాలుగే: రాతియుగం, పనిముట్ల యుగం, కంచుయుగం, ఇనుపయుగం. పనిముట్ల యుగానికి పోవాలంటే 500 తిండి కట్టాలి. కంచుయుగానికి 800. ఇనుపయుగానికి 1000 తిండి, 800 బంగారం. యుగం మారినకొద్దీ కొత్త ఆయుధాలు వస్తాయి. ఎవరు ముందు పోతారు, ఎంతమంది కూలీలతో పోతారు అన్నదే సగం ఆట.

ఇంతవరకు అందరికీ సమానమే. తేడా ఎక్కడొస్తుందంటే, ప్రతి రాజ్యానికీ రెండు మూడు వరాలుంటాయి. కొన్ని విద్యలు మాత్రం అసలు రావు. గ్రీకు బల్లెం దండు ఇతరుల దండు కంటే జోరుగా నడుస్తుంది. అసీరియా విలుకాళ్ళు వేగంగా బాణాలు వేస్తారు. హిట్టైట్ల రాళ్ళు విసిరే యంత్రాలు ఎంత కొట్టినా తొందరగా విరగవు. ఫినీషియా కట్టెకొట్టేవాళ్ళు చురుకు. బాబిలోను గోడలు గట్టి. చోసన్ కత్తివీరులకి ప్రాణం ఎక్కువ.

నేను మొదటి రోజే సుమేరు తీసుకున్నాను. కారణం ఒక్కటే: సుమేరు పొలాల్లో తిండి ఎక్కువ పండుతుంది. రైతు కొడుకుని, వేరేది ఎందుకు తీసుకుంటాను? వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాను.

కాలం లెక్క

నన్ను ఓడించినవాడు మా గదిలోని లెక్కల విద్యార్థి. వాడు ఎప్పుడూ షాంగ్. షాంగ్ కూలివాడి ఖరీదు 50 కాదు, 35. పైకి చూస్తే 15 తేడా; దానికేముంది అనుకున్నాను. వాడు ఒక రాత్రి కాగితం మీద లెక్కగట్టి చూపించాడు. ఇరవై మంది కూలీలకు నాకు 1000 తిండి కావాలి, వాడికి 700 చాలు. మిగులు 300. పనిముట్ల యుగానికి కట్టాల్సిన 500లో సగం పైచిలుకు అక్కడే వచ్చేసింది. లేదా, ఒక్కో గదవీరుడికి 50 చొప్పున, ఆరుగురు సైనికులు ఊరికే వచ్చినట్టు.

మరి సుమేరు వరం ఏమైంది? పొలం వెయ్యాలంటే పనిముట్ల యుగం రావాలి, సంత కట్టాలి. అంతవరకూ నేనూ రేగుపళ్ళ లాంటివి ఏరుకోవాలి, లేళ్ళని వేటాడాలి, అందరిలాగే. నా బలం పనిచేయడం మొదలుపెట్టేలోపే వాడి గొడ్డలివీరులు నా పొలంగట్టు మీద ఉంటారు. బలం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు చేతికొస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదే అడిగి రెండోది అడక్కపోవడం నా తప్పు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మామూలు పొలానికి 75 కలప పెట్టుబడి, 250 తిండి దిగుబడి. అది అయిపోతే పొలం మాసిపోతుంది, మళ్ళీ 75 కలప పెట్టి వెయ్యాలి. సుమేరు పొలంలో నిలవ ఎక్కువ. అంటే నిజంగా ఆదా అయ్యేది కలప. కోత వేగం మీద ఆశపెట్టుకున్న నేను, ఆదా అయిన కలపని వాడుకోకుండా ఊరికే పోగేసుకుంటూ కూర్చున్నాను. వరం ఉండగానే సరికాదు, అది ఏ ఖాతాలో జమ అవుతుందో తెలుసుకోవాలి.

నేల లెక్క

అయితే షాంగే గొప్పదా? కాదు. ఒక రాత్రి చుట్టూ నీళ్ళుండే దీవుల పటం వేశాం. ఆ రోజు మినోవావాడు గెలిచాడు. మినోవా ఓడలకి ఖర్చు 30 శాతం తక్కువ. చేపల పడవలతో తిండి తెచ్చుకుంటూ, యుద్ధ ఓడలతో రేవులు మూసేశాడు. షాంగ్ కూలీలు ఎంత చవకైనా సముద్రం మీద నడవలేరు కదా. యమాటో ఓడలు కూడా దెబ్బలకి బాగా ఆగుతాయి. పటంలో వేట జంతువులు ఎక్కువుంటే పర్షియాకి పండగ. ఇరుకు దారి, రాయి దండిగా ఉంటే బాబిలోను గోడ కట్టుకుని నిదానంగా ఎదుగుతుంది.

ఖర్చు లెక్క

ఆట సాగేకొద్దీ బంగారం గనులు అయిపోతాయి. బల్లెంవీరుడికి 60 తిండి, 40 బంగారం. గుర్రపురౌతుకి 70 తిండి, 80 బంగారం. గని ఎండిపోయిన రోజు గ్రీకుదండు వేగం ఎందుకు పనికొస్తుంది? అప్పుడు గెలిచేది రథం. రథానికి 40 తిండి, 60 కలప; బంగారం అక్కర్లేదు. ఈజిప్టు రథాలకి ప్రాణం మూడోవంతు ఎక్కువ. మొదటి అరగంట బిక్కుబిక్కుమంటూ గడిపిన ఈజిప్టువాడు రెండో గంటలో లేచి నిలబడతాడు.

ఎదుటివాడి లెక్క

బల్లెందండు దగ్గరకొస్తే ఎవరూ ఆగలేరు. కానీ నడక నెమ్మది కనక విలుకాళ్ళు దూరం నుంచే పొడిచేస్తారు. విలుకాళ్ళ మీదకి గుర్రం తోలితే చెదిరిపోతారు. ఏనుగులు గుంపుని తొక్కేస్తాయి, కానీ పూజారి ఒక్కడు మంత్రం వేస్తే 170 తిండి, 40 బంగారం పోసిన ఏనుగు శత్రువు పక్షాన చేరి మనల్నే తొక్కుతుంది. కాబట్టి ఎదుట ఎవరున్నారో చూడకుండా తయారుచేసిన సైన్యం, జబ్బేదో తెలియకుండా కొన్న మందు లాంటిది.

ఈ మాట పోలిక కోసం అనలేదు. మా ఇంట్లో జరిగింది.

మా మడిచెక్క

మాది కాలవ చివరి ఊరు. మాకున్నది ఎకరన్నర. నా చిన్నప్పుడు రెండు కార్లు వరి పండింది. తర్వాత్తర్వాత గట్టు వెంబడి తెల్లటి పొక్కు లేచింది. నారు వేస్తే కొసలు మాడిపోయేది. పురుగుమందుల కొట్టాయన జిప్సం చల్లమన్నాడు. నాన్న అప్పుచేసి రెండేళ్ళు చల్లారు. లాభం లేకపోయింది. నిరుడు వేసవిలో నేను ఇంటికి వెళ్ళేసరికి మా బాబాయి వచ్చి కూర్చున్నాడు. పక్క చేలో ఆయన రొయ్యల చెరువు తవ్వించాడు. మాది కూడా కౌలుకిస్తే కలిపేసుకుంటానన్నాడు. వరి గొప్పా, రొయ్య గొప్పా అని రాత్రి పదకొండింటిదాకా వాదన. అచ్చం మా హాస్టల్ తగాదాయే. కాకపోతే ఇక్కడ ఓడినవాడు పెట్టాల్సింది బజ్జీలు కాదు.

నేను నాలుగు మూలల నుంచి మట్టి మూటగట్టుకుని కాలేజీకి తెచ్చాను. మా లెక్చరర్ గారు లేబరేటరీలో పరీక్ష చేసుకోనిచ్చారు. ఉదజని సూచిక 8.5 లోపే ఉంది. విద్యుత్ వాహకత మాత్రం 4 హద్దు దాటి చాలా పైకి పోయింది. అంటే మాది తెల్ల చౌడు. కరిగే ఉప్పులు పేరుకున్న నేల. జిప్సం కారు చౌడుకి మందు. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేస్తుంది. తెల్ల చౌడుకి కావలసింది మంచినీరు నిలగట్టి ఉప్పుని కిందికి దించడం, దిగిన నీరు బయటికి పోయే దారి. రెండేళ్ళు నాన్న గుర్రాల మీదకి విలుకాళ్ళని పంపించారన్నమాట. ఆ మాట ఆయనతో అనలేదు.

అప్పుడే మా లెక్చరర్ గారు ఇంకో సంగతి చెప్పారు. నేను ఆటలో నమ్ముకున్న సుమేరుకి జరిగింది కూడా ఇదేనట. దక్షిణ ఇరాక్‌లోని ఆ నేలకి యూఫ్రటీస్, టైగ్రిస్ కాలవల నీరు పెట్టారు. మురుగు పోయే వాలు లేదు. భూగర్భజలం పైకి లేచి ఉప్పు పొంగింది. 1958లో జాకబ్‌సెన్, ఆడమ్స్ అనే పండితులు 'సైన్స్' పత్రికలో దీన్ని వివరించారు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ దాదాపు సరిసమానంగా పండిన ఆ దేశంలో క్రీ.పూ. 1700 నాటికి గోధుమ లేకుండా పోయిందనీ, ఉప్పుకి ఓర్చే బార్లీయే మిగిలిందనీ వారు రాశారు. ఆ రాజ్యాల పతనానికి ఉప్పు ఎంతవరకు కారణమన్న దాని మీద తర్వాత వాదాలు జరిగాయి. కానీ వాలు లేని చోట కాలవ నీరు ఉప్పు తెస్తుందన్నది మా గట్టు మీద నేను కళ్ళారా చూసిందే.

ఆటలో సుమేరు పొలం మాసిపోతే 75 కలప పెడితే చాలు, మళ్ళీ పచ్చగా వచ్చేస్తుంది. ఆ కలప ఎక్కడ దొరుకుతుందో మా నాన్నకి ఎవరూ చెప్పలేదు.

దసరా సెలవుల్లో కాగితం తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. "వరి వేద్దామా, చెరువుకిద్దామా, ఏది మంచిదంటావ్?" అన్నాను. ఆయన కాగితం తిప్పి చూసి, "ఒరే అబ్బాయా, పంట సంగతి తర్వాత. చేలో నీళ్ళు ఎటు పోతయ్యో అది చెప్పు ముందు" అన్నారు. నేను పట్టికలో చూసి తెలుసుకున్నది ఆయన గట్టు మీద నిలబడి ఎప్పుడో తెలుసుకున్నారు. జిప్సం కొన్నది నమ్మి కాదు, ఇంకేమీ చేతిలో లేక.

మా చేల వెనక మురుగు కాలవ పూడిపోయి ఏళ్ళయింది. మాదొక్కటే తవ్వితే లాభం లేదు, కింద చేనువాళ్ళు కూడా తవ్వాలి. అయిదుగురు రైతులు కలిశారు. బాబాయి మొదట రానన్నాడు. ఆయన చెరువు నీరు కూడా ఆ కాలవలోకే పోవాలని గుర్తుచేస్తే వచ్చాడు. ఆయన చెరువు ఉప్పు మా చేలోకి ఊరకుండా మధ్యలో బోదె తీయడానికి కూడా ఒప్పుకున్నాడు. ఈ ఏడు పొలం కౌలుకివ్వలేదు. ముందు జీలుగ చల్లి దున్నేశాం, వానలకి రెండుసార్లు నీరు నిలగట్టి వదిలాం, తర్వాత నాట్లు వేశాం. ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి కోతలు అయిపోయి ఉంటాయి. పండిందో లేదో అప్పుడు నన్నడగండి.

హాస్టల్లో ఇప్పటికీ సుమేరే తీసుకుంటాను. కాకపోతే మొదట పటం చూస్తాను, ఎదుట ఎవరున్నారో చూస్తాను, షాంగ్‌వాడు వచ్చేలోపు పొలంగట్టు మీద నలుగురు గదవీరుల్ని నిలబెడతాను. ఈమధ్య పదింట్లో నాలుగు గెలుస్తున్నాను. ఏ రాజ్యం గొప్పదని కొత్తగా చేరిన జూనియర్లు అడిగితే మాత్రం, మా నాన్న నన్ను అడిగిందే నేను వాళ్ళని అడుగుతున్నాను: మీ చేలో నీళ్ళు ఎటు పోతాయి?