ఊపిరి లెక్క తేలాకే బరువు మాట

దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల వల్ల రక్తంలో ప్రాణవాయువు తగ్గినవారు ఇంటి వెలుపల వాడుకునే సాధనాలు ప్రధానంగా రెండు. చిన్న సిలిండర్ ముందే నింపిన వాయువును అందిస్తుంది కాబట్టి దానికి విద్యుత్తు అక్కరలేదు గాని, అయిపోగానే మళ్లీ నింపించుకోవాలి. పోర్టబుల్ కాన్సన్‌ట్రేటర్, అంటే చుట్టూ ఉన్న గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసే యంత్రం, ఆ శ్రమను తప్పిస్తుంది గాని బ్యాటరీ లేనిదే నడవదు. 2021 జులైలో కోవిడ్ విజృంభించినప్పుడు మయన్మార్‌లోని యాంగోన్ నగర ప్రజలు ఖాళీ సిలిండర్లతో బారులు తీరడం మొదటిదాని లోపాన్ని చూపగా, ఆ నగరపు కరెంటు కోతలు రెండోదాని లోపాన్ని చూపుతాయి. అందువల్ల నగరానికి ఉత్తరాన ఉన్న ఇన్సేన్ వంటి చోట యంత్రం కొన్నవారికి కూడా ఇంట్లో ఒక సిలిండర్ తోడుగా ఉండటం క్షేమం.

గాలిలో నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం ఉంటాయి. యంత్రం ఆ గాలిని ఒత్తిడితో జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల ఖనిజపు గుళికల గుండా పంపినప్పుడు నత్రజని వాటికి అంటుకుపోయి, సుమారు 90 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి బయటకు వస్తుంది. కంప్రెసర్‌ను, గుళికలను, బ్యాటరీని కుదిస్తేనే బరువు తగ్గుతుంది కాబట్టి, తేలికైన యంత్రం నిమిషానికి తయారుచేసే ఆక్సిజన్ కూడా సాధారణంగా తక్కువే.

రెండు, రెండున్నర కిలోల యంత్రాలు ఎక్కువగా పల్స్ పద్ధతిలో, అంటే రోగి ఊపిరి పీల్చడం మొదలుపెట్టిన క్షణాన్ని పసిగట్టి ఒక్కో మోతాదు చొప్పున, ఆక్సిజన్‌ను వదులుతాయి. ధార ఆగకుండా ఇచ్చేవి ఎనిమిది కిలోల దాకా తూగుతాయి గనుక వాటిని చక్రాల బండిపై లాగవలసి వస్తుంది. పల్స్ యంత్రంపై కనిపించే 2 అనే అంకె నిమిషానికి 2 లీటర్లని అర్థం కాదు. అది మోతాదు స్థాయి మాత్రమే, పైగా కంపెనీని బట్టి మారుతుంది. నిద్రలో ఊపిరి తేలికైనప్పుడు, నోటితో పీల్చినప్పుడు కొన్ని యంత్రాలు ఆ క్షణాన్ని గుర్తించలేకపోవచ్చు. కాబట్టి వైద్యుని సమక్షంలో యంత్రం తగిలించుకొని నడిచి, వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ శాతం నిలకడగా ఉందో లేదో చూసిన తరువాతే కొనడం మంచిది.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నది మోతాదు స్థాయిని బట్టి ఉంటుంది. ప్రకటనల్లోని గంటలు తరచుగా అతి తక్కువ స్థాయికి చెందినవి. ఇన్సేన్ మీదుగా సాగే 46 కిలోమీటర్ల యాంగోన్ వలయ రైలు పూర్తి చుట్టు తిరగడానికి మూడు గంటల దాకా పట్టేది కాబట్టి, అటువంటి ప్రయాణానికి నాలుగున్నర గంటల బ్యాటరీ కావాలి. ప్రయాణకాలానికి ఒకటిన్నర రెట్లు అన్నది విమానయానంలోనూ వాడుకలో ఉన్న లెక్క. వేసవి వేడి 40 డిగ్రీలకు చేరే రోజుల్లో యంత్రాన్ని ఎండలో, మూసిన కారులో ఉంచరాదు. ఆక్సిజన్ మంటను ఉద్ధృతం చేస్తుంది గనుక పొగతాగేవారికి, పొయ్యికి దూరంగా ఉండాలి.

ఈ పరీక్షలన్నిటిలో నెగ్గిన యంత్రాల మధ్యనే బరువును పోల్చాలి. భుజానికి హాయిగా ఉన్నా ఊపిరికి చాలని యంత్రం తేలికైనది కాదు, కొరగానిది.