పెండ్లి తరువాతి కథ: రంగనాయకమ్మగారి ‘బలిపీఠం’

తెలుగున నవల పుట్టినది మొదలు కుటుంబకథయే దానికి ప్రధానవస్తువై యున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878వ సంవత్సరమున, గోల్డుస్మిత్తను నాంగ్లకవి కథవలన బ్రేరణము నొంది, రాజశేఖరచరిత్రమును రచించిరి. కలిమినుండి లేమికి జారిన యొక కుటుంబము కష్టములకోర్చి మరల నిలద్రొక్కుకొనుట అందలి కథ. ఆ పంతులుగారే 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహమును జరిపించిరి. అట్టి సంస్కారవివాహముల తరువాత దంపతుల కాపుర మెట్లుండును? ఈ ప్రశ్నను చేపట్టిన నవల ‘బలిపీఠం’. దానిని రచించినవారు మన ప్రాంతమున జన్మించినవారగుట మనకు ముదావహము.

రంగనాయకమ్మగారు 1939లో తాడేపల్లిగూడెము చెంతనున్న బొమ్మిడి గ్రామమున జన్మించిరి. 1955లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షయందు కృతార్థులైరి. పై చదువు చెప్పించుటకు తల్లిదండ్రులకు శక్తి చాలనందున వారి విద్య అంతటితో నిలిచిపోయినది. అయినను వారి కలము నిలువలేదు. కృష్ణవేణి, పేకమేడలు, బలిపీఠం, స్వీట్ హోం మున్నగు నవలలను వరుసగా వెలువరించిరి. నిత్యము మన యిండ్లలో జరుగుచున్నను మన కంటికి గానరాని స్త్రీల కష్టములను వీనియందు వారు చూపిరి.

బలిపీఠమున కథానాయిక అరుణ. ఆమె బ్రాహ్మణకుటుంబమున బుట్టి వైధవ్యము నొందిన యువతి. తీవ్రమైన వ్యాధికి లోనై, బ్రదుకుపై ఆశ విడిచి, సుమంగళిగా మరణింప గోరును. సంఘసేవాపరుడును హరిజనుడునగు భాస్కరుడు ఆమె కోరికను మన్నించి పరిణయమాడును. కాని అరుణ మరణింపదు, కోలుకొనును. సామాన్యకథకు లిచ్చట కథను ముగింతురు. రంగనాయకమ్మగా రిచ్చటనే అసలు కథను ఆరంభించిరి.

మరణింపబోవు స్త్రీపై జాలిచే జరిగిన పెండ్లి, ఆమె జీవించినపుడు కాపురమునకు జాలునా? అరుణకు భర్తపై ప్రేమ గలదు. అయినను బాల్యమునుండి మనస్సున నాటుకొన్న కులాభిమానము పోదు. భర్త బంధువులను చులకనగా జూచును. మాటకు మాట పెరిగి మనస్సులు విరుగును. తుదకు తనవారను వారి చెంత జేరి, యచ్చట ఆదరము గానక, భర్త విలువను తెలిసికొనును. అప్పటికి కాలము మించిపోవును.

కొల్లేటి నెరిగినవారి కిది సులభముగా బోధపడును. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదనీటిని కొల్లేరు తనలో నిలుపుకొని, ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు బంపును. ఆ మార్గము పూడినచో నీరు పొలములమీదికి పొరలును. కాపురమును నట్టిదే. వెనుకటినుండి వచ్చి చేరిన అభిమానములను, అలుకలను మాటలాడి తీర్చుకొను త్రోవ లేనిచో, అవి ప్రేమనే ముంచివేయును.

ఈ నవలలోని భార్యాభర్తలలో నెవరును దుర్మార్గులు కారని మనము గమనింపవలెను. భాస్కరునకు ఆశయము గలదు. అరుణకు అనురాగము గలదు. లోపించినది సమానభావము. శాసనముచేతను, సభలచేతను కులాంతరవివాహము జరుగవచ్చును గాని, నిత్యము వంటయింటను, చుట్టములరాకయందును, బిడ్డల పెంపకమునందును ఆ సమానభావము నిలిచిననే ఆ వివాహము నిలుచును. ఈ కథ 1975లో దాసరి నారాయణరావుగారి దర్శకత్వమున చలనచిత్రముగా వచ్చి, పుస్తకము చదువనివారికిని చేరినది.

పై తరగతుల విద్యార్థినీవిద్యార్థులు ఈ నవలను చదువదగును. చదివి, అరుణ ఏ ఘట్టమున వేరుగా నడచుకొన్నచో కాపురము నిలిచెడిదో, భాస్కరుడు చేయదగియు చేయని దేమో తమలో దాము చర్చించుకొనవలెను. తల్లిదండ్రులకు నొక విన్నపము: బొమ్మిడి బాలిక చదువు లేమిచే నిలిచినను ఆమె పుస్తకములను విడువలేదు. కూతురి చదువు మాన్పింపక తప్పని యిండ్లలో సయితము, ఆమె చేతిలోని పుస్తకమును మాత్రము తీసివేయకుందురు గాక.