సంతకం లేని చెయ్యి

నరసన్నపేటలో మాది నగల మీద నగిషీ చెక్కే ఇల్లు. ఓసారి లైసెన్సున్న పెద్దాయన ఒకరు జమీందారీ కాలం నాటి రెండు గొట్టాల వేట తుపాకీ చూపించి, "ఈ పూలు ఎవరు చెక్కారో చెప్పగలవా?" అన్నారు. గొట్టం మీద పర్డీ అని లండన్ కంపెనీ పేరుంది. చెక్కినవాడి పేరు లేదు.

అప్పటి ఆనవాయితీ అదే. 1814లో మొదలైన పర్డీ లాంటి కంపెనీలకు బయటి పనివాళ్లూ నగిషీ చెక్కేవారు. పేరు కంపెనీది, చెయ్యి వీళ్లది. హ్యారీ కెల్ అలాంటి పనివాడే. ఆయన దగ్గర నేర్చుకున్న కెన్ హంట్‌కు తరవాత పెద్ద పేరొచ్చింది.

"సంతకం ఎతక్కురా, సెయ్యి సూడు" అనేవాడు మా అయ్య. భూతద్దం పెట్టాను. గులాబీల చుట్టూ సన్నని తీగచుట్లు. ప్రతి గీతా మొదట వెంట్రుకంత, మధ్యలో లోతు, చివర మళ్లీ సన్నం. మలుపులో ఉలి ఎక్కడా తడబడలేదు. ఆకు నీడకు మూడేసి గీతలు. ఇదీ పనివాడి దస్తూరి.

కానీ గులాబీ, తీగ పర్డీ ఇంటి వరస. ఎందరో చెక్కారు. డిజైను చూసి పేరు తేల్చకూడదు. తుపాకీ నంబరును కంపెనీ పాత ఖాతాలతో సరిచూడాలి, చెక్కినవాడు ఫలానా అని తెలిసిన పనుల పక్కన పెట్టి పోల్చాలి.

"రెండు పక్కలా ఒకే చెయ్యండీ" అని మాత్రం చెప్పాను.

మా పక్కనున్న బుడితి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో బుడితి చెంబు మీద మాత్రం చేసినవాడి పేరు లేదు.