జపాన్ వాళ్లు ఇంగ్లీషుకి మారారు.. మరి మన తార్నాకలో ఏం జరిగింది?

ఈ ఎపిసోడ్‌లో రీసెర్చ్ పేపర్ల భాష గురించి మాట్లాడుకుందాం. టాపిక్ వినగానే స్క్రోల్ చేసేయకండి, ఇందులో మనం తాగే నీళ్ల సంగతి కూడా ఉంది.

ముందు జపాన్ చూద్దాం. 1943లో, యుద్ధం జరుగుతుండగా, తొమొనాగా అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త ఒక పేపర్‌ని జపనీస్‌లో అచ్చు వేయించారు. బయటి దేశాల వాళ్లకి అది చేరలేదు. 1946లో అదే పేపర్ ఇంగ్లీషులో, జపాన్‌లోనే కొత్తగా మొదలైన 'ప్రోగ్రెస్ ఆఫ్ థియరెటికల్ ఫిజిక్స్' అనే జర్నల్‌లో వచ్చింది. 1965లో ఆయనకి ఇద్దరు అమెరికన్లతో కలిపి నోబెల్ ఇచ్చారు. ఇలాంటివి చూశాక సైన్స్ వాళ్లు ఇంగ్లీషు వైపు వెళ్లకుండా ఎలా ఉంటారు చెప్పండి?

ఇంకొకాయన ఉన్నారు, మస్కావా. 1973లో కొబయాషితో కలిసి అదే జర్నల్‌లో ఇంగ్లీషులో రాసిన పేపర్‌కి 2008లో నోబెల్ వచ్చింది. స్టాక్‌హోమ్‌లో ఉపన్యాసం మాత్రం జపనీస్‌లోనే ఇచ్చారు! అంటే పేపర్ ఇంగ్లీషులో ఉన్నా, ఫిజిక్స్ చదువుకోవడానికి, వాదించుకోవడానికి సొంత భాష ఉంది. స్కూల్ నుంచి యూనివర్సిటీ దాకా వాళ్లకి సైన్స్ జపనీస్‌లో దొరుకుతుంది మరి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. దానికి ఏడాది ముందే, 1917లో, పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా ఒక ఆఫీసే పెట్టారు. సైన్స్ మాటలకి ఉర్దూ మాటలు కూర్చుని తయారుచేశారు. తర్వాత మెడిసిన్, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. మన దేశపు భాషలో యూనివర్సిటీ చదువు నడపొచ్చని చేసి చూపించిన క్యాంపస్ అది. కాకపోతే నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. 1948 తర్వాత ఉర్దూ పోయింది, ఇంగ్లీషు వచ్చింది. మధ్యలో తెలుగుకి టర్న్ రానేలేదు.

1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ దాకా తెలుగు పుస్తకాలు వేశారు, అది చిన్న పనేం కాదు. కానీ పాఠ్యపుస్తకంలో ఉండేది అప్పటికే తెలిసిన విషయం. కొత్తగా కనిపెట్టింది పేపర్‌లో వస్తుంది. అది మన దగ్గర ముందు నుంచీ ఇంగ్లీషే. జపాన్ వాళ్లలాగా 'మారాం' అనడానికి కూడా మనకి లేదన్నమాట.

దీనివల్ల ఎవరికి నష్టం అంటారా? ఇదే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్ ఉంది. మస్కావా పేపర్ వచ్చిన 1973లోనే, ఇక్కడి శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లండన్ నుంచి వచ్చే 'లాన్సెట్' జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం, ఎముకలు బలహీనపడటం గురించి. లాన్సెట్‌లో వేయడం కరెక్టే. ఫ్లోరైడ్ సమస్య ఆఫ్రికాలో ఉంది, చైనాలో ఉంది, అక్కడి డాక్టర్లు కూడా చదవాలి కదా.

మరి ఆ నీళ్లు తాగే ఇంటివాళ్లు? ఆ జర్నల్ వాళ్ల ఊరికి రాదు, వచ్చినా ఆ ఇంగ్లీషు వాళ్లకి అర్థం కాదు. ఒక హెల్త్ వర్కరో, టీచరో, విలేకరో మధ్యలో ఉండి తెలుగులో చెప్పాలి. ఇంటర్నేషనల్ జర్నల్‌లో పేపర్ వేస్తే ప్రమోషన్‌లో లెక్కకొస్తుంది. ఊళ్లోవాళ్లు చదివేలా నాలుగు పేజీలు రాస్తే ఎవరు లెక్కేస్తారు? నన్నడిగితే అసలు చిక్కు ఇక్కడుంది, పేపర్ ఇంగ్లీషులో రాయడంలో కాదు.

రెండూ చేసినవాళ్లు లేకపోలేదు. ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ ప్రొఫెసర్‌గా చాలా ఏళ్లు పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 1961లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వేసింది. మరుసటి ఏడాదే ఆయన 'మాండలిక వృత్తి పదకోశం' వ్యవసాయ సంపుటం తెలుగులో వచ్చింది, రైతులు నిజంగా వాడే మాటలతో. ఒకే మనిషి, రెండు రకాల పాఠకులు. (తెలుగు క్రియల సంగతి తెలియాలంటే ఇంగ్లీషు పుస్తకం తిరగేయాలి, అదీ మన పరిస్థితి!)

పీహెచ్‌డీ థీసిస్‌తో పాటు నాలుగు పేజీల తెలుగు సారాంశం కూడా ఇవ్వాలని రూల్ పెడితే ఎలా ఉంటుంది? మాటలు దొరకవు అంటారు కొంతమంది. మోకాళ్లు అలా వంగిపోతే ఏమంటారో ఫ్లోరైడ్ ఊళ్లో అడగండి, ఎవరైనా చెప్తారు.