ఆరు గంటలకో అక్షరం

అందరూ పెడుతున్న పేరును మన బిడ్డకు పెట్టాలా, వద్దా?

సంపాదకులు ఈ వారం నాకు అప్పగించిన ప్రశ్న సూటిగానే ఉంది. మనసుపడి ఎంచుకున్న పేరు ఊరందరికీ నచ్చేసింది. ఇప్పుడా పేరు ఉంచుకోవాలా, మార్చుకోవాలా? సంచిక అచ్చుకు వెళ్లేలోగా జవాబు కావాలన్నారు. బారసాల దగ్గరపడిన ఇళ్లలో నడిచేదీ ఈ చర్చే. "ఆద్య బాగుంది కానీ, కింది ఫ్లాటు వాళ్ల పాప కూడా ఆద్యే కదమ్మా." "సహస్ర అనుకున్నాం వదినా, మా పెద్దాడపడుచు మనవరాలికి పోయిన నెలే పెట్టేశారు." "పార్కులో విహాన్ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తున్నారు."

ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరితోనూ మాట్లాడుకోకుండా వెతుకుతారు. ఎవరికీ లేని పేరే కావాలనుకుంటారు. చివరికి అందరూ అదే పేరు దగ్గర కలుస్తారు. ఇదెలా జరుగుతోందని ఆరా తీస్తుంటే, పుస్తకాలకన్నా అంకెలకన్నా నన్ను ఎక్కువగా కట్టిపడేసిన కాగితం మన పంచాంగంలో ఉన్న ఒక పేజీ. ఈ కథనంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

నూట ఎనిమిది గళ్లు

అది నక్షత్ర పాదాలకు నామాక్షరాలు చెప్పే పట్టిక. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 గళ్లు. అశ్వినికి చూ, చే, చో, లా. భరణికి లీ, లూ, లే, లో. కృత్తికకు ఆ, ఈ, ఊ, ఏ. బిడ్డ పుట్టిన వేళ చంద్రుడు ఏ నక్షత్రంలో, ఏ పాదంలో ఉంటే ఆ గడిలోని అక్షరంతో పేరు మొదలవ్వాలని ఆనవాయితీ. హ్రస్వ దీర్ఘాల దగ్గర చాలామంది పట్టుపట్టరు. 'సా' వచ్చినవాళ్లు 'స'తోనూ సరిపెట్టుకుంటారు.

చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ లెక్కన ఒక్కో పాదం దాదాపు ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో శ్రీకాకుళంలో పుట్టినా, ఆదిలాబాద్‌లో పుట్టినా, డల్లాస్‌లో పుట్టినా బిడ్డకు వచ్చే అక్షరం ఒకటే. మృగశిర మొదటి పాదం నడుస్తోందంటే అక్షరం 'వే'. పురిటి గది బయట కూర్చున్న తాతయ్యలు, అమ్మమ్మలు, మేనత్తలు అంతా 'వే' దగ్గరే వెతుకులాట మొదలుపెడతారు. వేద, వేదిక, వేదశ్రీ, వేదాంశ్... అక్కడితో జాబితా పలచబడిపోతుంది. శతభిషం రెండో పాదమైతే 'సా'. సాన్వి, సహస్ర, సాత్విక్, సాయి చేర్చిన జంట పేర్లు. కృత్తిక మొదటి పాదమైతే ఆద్య, ఆరాధ్య, ఆరవ్, అద్విక్. ఆ కాస్త వ్యవధిలో పుట్టిన పిల్లలే మూడేళ్ల తర్వాత ఒకే నర్సరీలో చేరతారు.

పట్టికను వేలితో గడిగడికీ చదువుకుంటూ వెళ్తే మరో సంగతి బయటపడుతుంది. గళ్లన్నిటిలోనూ పేర్లు పుట్టవు. ఆర్ద్ర మూడో పాదానికి 'ఙ' అని ఉంటుంది. ఆ అక్షరంతో మొదలయ్యే పేరు మనకు లేదు. హస్త చివరి రెండు పాదాలకు ణా, ఠా. ఆశ్లేష నాలుగు పాదాలూ డీ, డూ, డే, డో. పుబ్బలో మొదటి పాదం దాటితే టా, టీ, టూ. ఇలాంటి గడిలో పడిన బిడ్డ తల్లిదండ్రులు పంతులుగారిని అడుగుతారు. ఆయన పక్క పాదం అక్షరం తీసుకోమనో, ఇష్టదైవం పేరు పెట్టుకోమనో చెబుతారు. అప్పుడు చాలా కుటుంబాలు నేరుగా అ, స, శ్రీ, రి, వి దగ్గరికి వచ్చేస్తాయి. పేరుకు 108 గళ్లున్నా జనమంతా కొన్ని గళ్లలోనే కిక్కిరిసిపోతారు.

ఆ మిగిలిన కొన్నిటినీ ఇంకా సన్నని జల్లెడలో పోస్తున్నాం. పేరు రెండు మూడు అక్షరాలు దాటకూడదు. ఇంగ్లిషులో రాస్తే ఎవరైనా తడబడకుండా చదవాలి. రేపు విదేశానికి వెళ్తే అక్కడి టీచరుకూ నోరు తిరగాలి. ఆడపిల్లైతే చివర 'న్వి'యో 'ద్య'యో, మగపిల్లాడైతే 'ఆన్' లేదా 'అంశ్' రావాలి. ఆపైన ఫోనులో 'సా అక్షరంతో పాప పేర్లు' అని వెతికితే అందరి తెర మీదా ముందు వరుసలో ఇంచుమించు అవే కనిపిస్తాయి. సినిమా ఇళ్ల పేర్లు కొత్త ఉత్సాహాన్నిస్తాయి. ఐశ్వర్యారాయ్, అభిషేక్ బచ్చన్‌ల కూతురు ఆరాధ్య 2011లో పుట్టింది. ఆ పేరు మన అపార్టుమెంట్లలోకీ ఎప్పుడో వచ్చేసింది. అల్లు అర్జున్ పిల్లల పేర్లు అయాన్, అర్హ కూడా అదే దారిలో నడిచాయి. ఇందులో ఎవరూ పక్కింటివాళ్లను చూసి కాపీ కొట్టలేదు. ఒకే దారిలో బయల్దేరినవాళ్లు ఒకే ఊరు చేరారు.

అదే సంప్రదాయం చూపే దారి

ఈ ఇరుకులోంచి బయటపడే దారి కూడా సంప్రదాయంలోనే ఉంది. శాస్త్రోక్తమైన నామకరణంలో బిడ్డకు ఒక్క పేరు కాదు, నాలుగు పేర్లు చెబుతారు. కులదేవత పేరు, పుట్టిన మాసాన్ని బట్టి వచ్చే పేరు, నక్షత్రాన్ని బట్టి వచ్చే పేరు, నలుగురూ పిలిచే వ్యవహార నామం. మార్గశిరంలో పుడితే మాసనామం కృష్ణుడిది, శ్రావణంలో అయితే వాసుదేవుడిది. పంచాంగంలోని అక్షరం వ్యవహార నామాన్ని శాసించాల్సిన పనిలేదు. 'వే' వచ్చిన బిడ్డకు ఆ అక్షరంతో జన్మనామం చెవిలో చెప్పి, బియ్యం పళ్లెంలో ఉంగరంతో మనసుకు నచ్చిన పేరు రాసుకోవచ్చు. జన్మనామం ఒకటి, వ్యవహార నామం మరొకటి ఉన్న పెద్దలు మన ఇళ్లలోనే ఎంతోమంది. ఈ వెసులుబాటు సంగతి చెబితే చాలామంది యువ దంపతుల మీద సగం ఒత్తిడి తగ్గుతుంది. పంచాంగం చూడని ఇళ్లలో, చర్చిలో బాప్తిస్మం ఇప్పించే ఇళ్లలో, ఏడో రోజున అఖీఖా చేసే ఇళ్లలో అక్షరం పట్టింపు ఉండదు. అయినా ధ్వని మోజు, ఫోను జాబితాల ప్రభావం అక్కడా తక్కువేమీ కాదు.

పాత తరాల్లోనూ ఇదే గుంపు

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. పేరు పదిమందికి ఉండటం మనకు కొత్త కాదు. వేంకటేశ్వర్లు, సత్యనారాయణ, నరసింహులు, మల్లయ్య, ఎల్లమ్మ, పోచమ్మ, లక్ష్మి... ఇలవేల్పు పేరే ఇంటింటా వినిపించేది. జాతీయోద్యమ కాలంలో గాంధీలు, బోసులు పుట్టారు. కమ్యూనిస్టు పల్లెల్లో లెనిన్‌లు, స్టాలిన్‌లు వచ్చారు. తర్వాత శ్రీనివాస్, రమేష్, సురేష్, స్వాతి, శిరీష, లావణ్యల వంతు. తరగతిలో ముగ్గురు శ్రీనివాసులుంటే కె. శ్రీనివాస్, పి. శ్రీనివాస్ అని హాజరు పిలిచేవారు. ఇంటిపేరు, ఊరిపేరు, ముద్దుపేరు కలిసి ఎవరు ఎవరో తేల్చేసేవి. తన పేరు ఇంకొకరికి ఉందని ఎవరూ బెంగపెట్టుకున్నట్టు నేను వినలేదు, ఎందుకంటే ఆ పేరు తాతగారిదనో, కొండ మీది స్వామిదనో, మొక్కుకుంటే పుట్టాడనో చెప్పుకోవడానికి కారణం ఉండేది.

ఇక్కడ నా ఇష్టం దాచుకోను. నాకు తాతల, తాతమ్మల పేర్లంటే ప్రాణం. సుభద్ర, వరూధిని, అన్నపూర్ణ, మాణిక్యం, రాజయ్య, మల్లన్న, సీతమ్మ. నర్సరీలో వీటిలో ఒక్కటి వినిపించినా ఇట్టే గుర్తుండిపోతుంది. ఎవరికీ లేని పేరు కోసం ఫోనులో వెతుకుతున్నవాళ్లకు అది తమ ఇంటి గోడ మీది పాత ఫొటో కిందే దొరకొచ్చు. 2023లో రామ్‌చరణ్, ఉపాసన దంపతులు తమ కూతురికి లలితా సహస్రనామం నుంచి క్లీంకార అనే పేరు ఎంచుకున్నారు. అంత అరుదైన పేరు దొరికింది తరతరాలుగా మన ఇళ్లలో చదువుకుంటున్న స్తోత్రంలోనే. వెన్నెల, తొలకరి, మువ్వ లాంటి అచ్చతెలుగు మాటలూ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాయి.

లెక్క తేలిన చోట

ఏ ఏడాది ఏ పేరు ఎంతమందికి పెట్టారో మన దేశంలో ఏటా జాబితా ప్రచురించరు. అమెరికా సోషల్ సెక్యూరిటీ విభాగం ప్రచురిస్తుంది. 1880 నుంచి లెక్కలున్నాయి. ఆ ఏడాది అక్కడి మగపిల్లల్లో నూటికి ఎనిమిది మంది జాన్‌లు, ఆడపిల్లల్లో నూటికి ఏడుగురు మేరీలు. 2023లో మగపిల్లల పేర్లలో మొదటి స్థానం లియామ్‌ది. ఆ పేరు ఉన్నది సుమారుగా నూటికి ఒక్కరికే. మొదటి స్థానంలో ఉన్న పేరు కూడా ఇప్పుడు ఒకప్పటికన్నా చాలా అరుదు. అక్కడ కాన్పయ్యే తెలుగువాళ్లు చాలామంది ఆస్పత్రి నుంచి బయటికి రాకముందే ఫారంలో పేరు నింపేస్తారు. ఇరవై ఒకటో రోజు బారసాల దాకా ఆగే వీలు ఉండదు కాబట్టి, కాన్పుకు ముందే రెండు మూడు పేర్లు అనుకోవడం మేలు.

తొందర లేదు, చట్టం గడువిచ్చింది

• జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు మాత్రం అప్పుడే చెప్పాలని లేదు.

• జనన మరణాల నమోదు చట్టం (1969) 14వ సెక్షన్ ప్రకారం పేరు లేకుండా నమోదు చేయించి, తర్వాత చేర్పించుకోవచ్చు. 12 నెలల వరకు ఫీజు ఉండదు. ఆపైన ఫీజు కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించుకునే వీలుంది.

• 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరిక, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా లాంటి వాటికి పుట్టిన తేదీ, ఊరు చూపే రుజువు బర్త్ సర్టిఫికెట్టే. అందులో పడే ఇంగ్లిషు స్పెల్లింగే ఆధార్‌లోనూ, పాస్‌పోర్టులోనూ ఉండాలి. సంఖ్యాశాస్త్రం కోసం అక్షరాలు చేర్చేవాళ్లు అది నమోదుకు ముందే తేల్చుకోవాలి.

• పేరును ఇంటిపేరుతో కలిపి గట్టిగా పలికి చూడండి. బడిలో అదే పేరున్న పిల్లల మధ్య గుర్తుగా నిలిచేది ఇంటిపేరే.

ఇంతకీ పెట్టాలా, వద్దా?

పెట్టండి, కారణం ఉంటే. నాయనమ్మ పేరనో, మొక్కుకున్న దేవుడి పేరనో, మీరిద్దరూ పెళ్లికి ముందే అనుకున్న పేరనో రేపు బిడ్డకు చెప్పగలిగితే, వీధిలో మరో నలుగురు ఆద్యలున్నా మీ ఆద్యకు లోటు లేదు. ఫోను జాబితాలో పైన కనిపించడం తప్ప వేరే కారణం దొరకకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. ఫీజు లేకుండానే ఏడాది గడువు ఉంది. ఆ లోగా ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని మూడు తరాల పేర్లు అడిగి తెలుసుకోండి. పేరు ఖాయమయ్యాక, దాన్ని ఎందుకు ఎంచుకున్నారో పది వాక్యాల్లో రాసి బర్త్ సర్టిఫికెట్‌తో పాటే భద్రంగా దాచండి. అదే పేరున్న మిగతా పిల్లల దగ్గర ఆ కాగితం ఉండదు.